నా పని కాలేదు

"పనైపోయింది కదమ్మా! ఇంకా యాల నిలబడుకోనుండావు?"

మాధవీలత అరుపుకు పుంగనూరు బ్యాంకు బ్రాంచి హాలంతా ఇటు తిరిగింది.

కౌంటరు అవతల ఫ్లారెన్సమ్మ చేతిసంచి బల్ల మీద పెట్టి, కదలకుండా నిలబడింది.

"నాకేం తొందర లేదు పాపా. నువ్వు పోయి తినేసి రా."

తినేసి రావాలంట! రోజూ ఇదే గోల. సరిగ్గా అన్నం వేళకే వస్తుంది. పాసుబుక్కు ఎంట్రీ అంటుంది. నిన్న వేయించుకున్నదే ఈరోజు మళ్లీ. ఆ తర్వాతైనా పోతుందా? లైనుకు అడ్డంగా నిలబడిపోతుంది.

మాధవీలతకు ఆరో నెల. మదనపల్లె నుంచి బస్సులో నిలబడి రావాలి, నిలబడి పోవాలి. వేళకు తినకపోతే బిడ్డకే కష్టమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఇక్కడేమో ఉన్న ఇద్దరు క్లర్కుల్లో ఒకరిని డిప్యుటేషన్ అంటూ కుప్పానికి తోలేశారు. ఇంత పెద్ద బ్యాంకు, అంత పెద్ద బోర్డు, కౌంటరు మాత్రం ఒక్కటే! తాను రాకముందు తన సీటు ఎందుకు ఖాళీ అయిందో ఎవరూ చెప్పలేదు. అడిగే తీరికా ఆమెకు దొరకలేదు.

లోపలి గదిలో డబ్బా తెరిచింది. బయట మామూలే.

"ఏమ్మా, జరుగు!"

"నా పని కాలేదప్పా."

"ఎంతసేపమ్మా నీ పని?"

ఆరోజు ఒకాయన నేరుగా మేనేజరు హరినాథ్ దగ్గరికే పోయాడు. హరినాథ్ మాధవీలతను పిలిచాడు.

"ఏందమ్మా, ఒక్క ముసలామె పనికి పూటంతా పడతాందంట?"

మాధవీలతకు ఒళ్లు మండిపోయింది. పెరుగన్నం సగంలో వదిలేసి కౌంటరు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నీకో దండం! రేపట్నుంచి ఈ పక్కకే రావొద్దు. నీ వల్ల నేను మాటలు పడతాండా!"

ఫ్లారెన్సమ్మ సంచి తీసుకుంది.

"తిన్నావా పాపా?"

"నువ్వు తిననిస్తే కదా!"

ఆమె ముఖం చిన్నబోయింది. మెట్లు దిగిపోయింది.

హమ్మయ్య, పీడ వదిలిందనుకుంది మాధవీలత.

మరుసటి రోజు డబ్బా మూత తీసిందో లేదో, హాలు దద్దరిల్లింది.

"మేడమ్ యాడికి పాయ?"

"జీతం ఇచ్చేది తినేదానికా?"

ఎవడో ఖాళీ కుర్చీని ఫోనులో వీడియో తీస్తున్నాడు. నోట్లో ముద్దతోనే పరుగెత్తుకొచ్చింది.

"అన్నానికి పోయినానప్పా! అదీ తప్పేనా?"

వరుసలో ముందున్న మునిరత్నం ఆశ్చర్యపోయాడు.

"రోజూ పోతా ఉండలేదే మేడమ్!"

"రోజూ పోతానే ఉండా!"

"అది ఆ పెద్దమ్మ పని మీద కదా? 'మేడమ్ నా పని మీదే లోపలికి పోయింది, ఇంకా కాలేదు' అనేది. మేమంతా ఆయమ్మనే తిట్టుకుంటా ఉంటిమి."

మాధవీలత చెయ్యి కడుక్కోకుండానే కుర్చీలో కూర్చుంది.

ఆ వారమంతా డబ్బా నిండుగానే ఇంటికి పోయింది. ఇప్పుడు తిట్లన్నీ తనకే. మధ్యాహ్నమైతే కళ్లు తిరుగుతున్నాయి. చివరికి గన్‌మ్యాన్ పురుషోత్తంను అడిగింది.

"అన్నా, ఫ్లారెన్సమ్మ ఇల్లు యాడ? నేనే పోయి పిలుచుకోనొస్తా."

"ఇల్లు ఖాళీ చేసి గంగవరంలో చెల్లెలింటికి పాయ మేడమ్. ఈడ తనకింకేం పని లేదనె."

"నేను ఆమెకేమవుతానని అన్ని తిట్లు తినింది?"

పురుషోత్తం తల దించుకున్నాడు.

"కడుపుతో ఉండావు, బెదురుకుంటావని నీకు చెప్పొద్దనింది. నీకు ముందు ఆ కుర్చీలో ఉండిన జయశీల మేడమ్‌కు షుగరు. జనం వదల్లే, ఆ పాప లేయలే. ఒక మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయకుండా ఆడే ఒరిగిపాయ, మళ్లీ కళ్లు తెరవలే."

కౌంటరు అవతల ఖాళీ చోటు వైపు చూశాడు.

"ఫ్లారెన్సమ్మకు ఆ పాప ఒక్కతే కూతురు."