మోరిస్ కారు కింద మల్లిక

పెళ్లయి ఇరవై రోజులైనా మల్లికకు సంబరం తీరలేదు. ఆ రాత్రి జడ్చర్ల ఇంటి షెడ్డులో, మొగుడు శివకృష్ణ ముచ్చటపడి కొన్న పాత మోరిస్ మైనర్ కింద టార్చి పెట్టుకుని పడుకుంది. బ్రేకు పైపులోని గాలి తీయాలంటే ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద నట్టు వదులు చేయాలి. కింది పని తనకే కావాలని పట్టుబట్టింది.

"తొక్కు శివా."

"తొక్కిన."

బుడగలతో నూనె చిమ్మి, గోరింటాకు చేతులు తడిశాయి. ఆమెకు నవ్వొచ్చింది.

"ఇగ ఇడువు."

"ఇడిచిన."

"గట్టిగ తొక్కు, బువ్వ తినలేదా?"

పెడల్ అడుగుదాకా దిగింది. నవ్వు మాత్రం వినపడలేదు.

పదోసారికి బుడగలు ఆగాయి. అప్పుడే గేటు కిర్రుమంది. శివకృష్ణ చెప్పులు షెడ్డు గడప దగ్గర ఆగాయి.

"బ్రేకు నూనె తెస్తనని గేటు కాడికెల్లి కేకేసి పోయిన గద మల్లీ, ఇనలేదా? నేనొచ్చేదాకా ఆగక, ఒక్కదానివే ఏం జేస్తున్నవ్?"

మల్లిక టార్చిని పైకి తిప్పింది.

ఆమెకు సరిగ్గా పైన సీటు స్ప్రింగులు మెల్లగా కదిలాయి. జాకీ మీదున్న కారును కదలకుండా పట్టి ఉంచిన చేతిబ్రేకును ఎవరో నింపాదిగా కిందికి దించారు.