తాడు బుట్ట

“దేశం చిన్నదైతే ఎవడైనా చక్కగా పాలిస్తాడోయ్! ఇంత జనంలో ఎవడు మాత్రం ఎంతమందినని చూస్తాడు?” మేడ అసోసియేషన్ ప్రెసిడెంటు బాల్కనీలో కూర్చుని బావమరిదికి తేల్చి చెప్పాడు.

అంతలో పైనుంచి తాడుకు కట్టిన బుట్టొకటి దిగుతూ వచ్చి, వాళ్ల కడ్డీలకు తట్టుకుని ఆగింది. అందులో ఖాళీ మందుసీసా ఉంది.

“ఇదేమిటి?” అన్నాడు ప్రెసిడెంటు.

“పైవాటా మామ్మగారిది,” అంది భార్య. “లిఫ్టు పాడైనప్పటినుంచీ ఆవిడ దిగలేదు. మందులు కూడా కింది షాపు నుంచి ఇలాగే తెప్పించుకుంటోంది.”

“ఈ మేడలో ఎన్ని కాపురాలు బావా?” అన్నాడు బావమరిది.

“ఆరు.”

పైనుంచి మామ్మగారు కేకేసింది. “బుట్ట కాస్త తప్పించు నాయనా! లిఫ్టు సంగతి మెల్లగానే చూద్దువుగాని. పాపం, ఒక్కడివి, ఎంతమందినని చూస్తావు!”

అతను తలెత్తకుండానే బుట్టను తప్పించాడు.