మోతీ బొచ్చు

"ఇది మోతీ కాదు" అన్నాడు నారయ్య.

"మోతీయే బావా. బొచ్చు తీసిన, గంతే" అన్నాడు లింగస్వామి.

పందిరి కింద తడిపిన గోనెపట్టా మీద పడుకున్న కుక్కను నారయ్య అటు తిరిగి ఇటు తిరిగి చూశాడు. రెండు నెలల కింద తను తెచ్చి అప్పజెప్పిన కుక్కకు ఒళ్ళంతా జానెడు పొడుగు తేనెరంగు బొచ్చు. కళ్ళూ చెవులూ మూతీ అన్నీ దాని వెనకే. లోపలి కుక్క ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళే లేరు. ఇప్పుడు ముందున్నది మాత్రం డొక్కలు తేలిన సన్నమూతి కుక్క. ఒంటి మీద అక్కడక్కడా కత్తెర గాట్లు.

నారయ్య పట్నంలో ఒక జాగీర్దారు బంగ్లాలో జవాను. దొర ఎండాకాలానికి మహాబలేశ్వరం పోతూ, మోతీకి చెరువు గాలి తగులుతుందని ఇబ్రహీంపట్నంలో దింపి రమ్మన్నాడు. దాన్ని సాకే వెట్టి ఎవరి మీద వేద్దామంటే, గొర్రెల కాపరికి మూగజీవాల సంగతి తెలుసునని బావమరిది పేరు చెప్పింది నారయ్యే. కుక్కకేమన్నా అయితే వాడి మంద మొత్తం తోలుకొస్తానని దొర అప్పుడే చెప్పాడు. దొర అన్నంత పనీ చేసే మనిషి.

"కుక్కకు ఎవడన్న గొర్రెకు తీసినట్టు బొచ్చు తీస్తడా?"

"రోహిణి ఎండలు బావా. గొంగడి కప్పుకొని పొయ్యి ముందట కూసున్నట్టుండె. తీస్తే సల్లబడతదనుకున్న. మాకు తెలిసింది గదే."

"పొద్దు పొడవకముందే తిండి పెట్టినం" అంది లింగస్వామి పెళ్ళాం కమలమ్మ. "కొత్తకుండల నీళ్ళు పోసినం. కాళ్ళు కాలుతయని పగటిపూట గడప దాటనియ్యలే. నా పిల్లలను గూడ గంత పాణంగ సూసుకోలే అన్నా."

చెబుతూ చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇందులో ఏడవటానికేముందో నారయ్యకు అంతుపట్టలేదు.

"మోతీ" అని పిలిచాడు. కుక్క చెవి కదిపింది, లేచింది, పోయి కమలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. గిన్నెలో పాలు పోశాడు. వాసన చూసి వదిలేసి జొన్నగట్క మట్టిచిప్పలో మూతి పెట్టింది.

"పాలు తప్ప ముట్టని కుక్క ఇది."

"రెండు నెలలాయె గద. మా తిండి మరిగింది."

అదీ నిజమే అనిపించింది. కాదనీ అనిపించింది. ఎటూ తేల్చుకోలేక తల పట్టుకున్నాడు. అంతలో మోతీని తీసుకుపోవటానికి దొర మోటారు వచ్చి ఆగనే ఆగింది.

దొర దిగి పందిరి కిందికి వచ్చాడు. కుక్కను చూశాడు. నారయ్యను చూశాడు.

"నా మోతీ ఏది?"

"ఇదే దొరా. బొచ్చు తీసిన" అన్నాడు లింగస్వామి.

"మోతీని అమ్ముకొని ఊరకుక్కను చూపిస్తున్నవా?"

 గొర్రెలతో పాటు తన కొలువూ పోయినట్టే అనుకున్నాడు నారయ్య.

లింగస్వామి లోపలికి పోయి గుడ్డమూట తెచ్చి దొర కాళ్ళ ముందు విప్పాడు. కోసిన బొచ్చు పారేసే అలవాటు ఆ ఇళ్ళల్లో లేదు. మూట నిండా తేనెరంగు బొచ్చు. దొర భార్య బేగం తన చేత్తో ముడివేసిన ఎర్ర పట్టుదారం ఒక పాయకు అట్లాగే ఉంది.

దొర ఆ పాయను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇది మోతీదే" అన్నాడు మెల్లగా. "ఇన్ని ఎండలల్ల నా మోతీని బతికించినవ్. వచ్చే ఏడు గూడ నీకే అప్పజెప్త."

కుక్కను ఎత్తుకుని మోటారెక్కాడు. అది వెనక్కి తిరిగి కమలమ్మనే చూస్తూ పోయింది. దుమ్ము సర్దుకున్నాక లింగస్వామి గుంజకు ఆనుకుని కూలబడ్డాడు. గండం గడిచినందుకు నారయ్యకు ప్రాణం లేచొచ్చింది కానీ, మనసులో ముడి మాత్రం వీడలేదు.

"నాకొకటి సమజైతలేదు లింగస్వామీ. దువ్వెన సూపెడితేనే మీదికి ఉరికే కుక్క అది. నీ కత్తెర కింద కదలకుంట ఎట్ల పండుకున్నది?"

లింగస్వామి తల ఎత్తలేదు.

"అప్పటికే సచ్చిపోయింది బావా."