మడిచిన మూల

దర్జీ మామయ్యకి దెయ్యాలంటే భయం, దెయ్యాల నవలలంటే ప్రాణం. ఆ రోజు కొత్తది ఒకటి కొని, దాని ప్లాస్టిక్ కవర్ని తన కత్తెరతోనే కోశాడు. రాత్రి కుట్టుమిషన్ మీద ఆనించి చదవసాగాడు. కథలో ఓ పాడుబడ్డ కొంప, అందులో ఎవరికీ కనిపించని మనిషి.

అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఏ నవలనీ ఆయన్ని సుఖంగా చదవనిచ్చేది కాదు. ముందే చివరి పేజీ చదివేసి, దాని మూల గోటితో మడిచి, వంటగదిలోంచి కిసుక్కున నవ్వేది.

"దెయ్యం ఎవరో చెప్పెయ్యనా?"

"చెప్పావంటే నీ నోరు కుట్టేస్తానే!" అంటూ ఈయన చెవులు మూసుకునేవాడు.

ఆవిడ పోయి ఏడాదైంది. ఇంట్లో మిషన్ చప్పుడు తప్ప మరో పలుకు లేదు.

కథ ముడి విడే చోటికి వచ్చాడు. ఆఖరి పేజీ తిప్పబోయి ఆగిపోయాడు. దాని మూల మడిచి ఉంది.

వేలితో తడిమాడు. గోటి గీత తగిలింది. పుస్తకం మూసేసి, చీకటి వంటగది వైపు తిరిగాడు.

"ఏమే, ఈసారి చెవులు మూసుకోనులే. చెప్పవే."

ఎంతసేపటికీ అలికిడి లేదు. ఉసూరుమంటూ లైటార్పడానికి లేచాడు.

వంటగదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.