వేరే కంచం

వీధరుగు మూల బోర్లించిన స్టీలు కంచం, దాని పక్కన గ్లాసు. వేరే వాటిలో కలిసిపోకుండా గ్లాసుకి ఎర్రదారం కట్టి ఉంది. అవి ఎవరివో అశ్వినికి అడగక్కర్లేకపోయింది. పలాసలో రైలు దిగి ఆటోలో వచ్చిన మనిషి, భుజాన బ్యాగు కూడా దించకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది.

"వదినా, అమ్మకి వేరే కంచమా?"

హేమ పొయ్యి ముందు నిలబడి ఉంది. ఏడాది నిండని బాబు ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని లేవబోతున్నాడు. ముందు కాళ్ళు కడుక్కోమంది హేమ, టీ పెడతానంది. అత్త పెరట్లో జీడిపిక్కలు ఆరబోస్తోందని కూడా చెప్పింది.

అశ్వినికి ఒళ్ళు మండింది. అమ్మకి లివర్‌లో క్యాన్సర్ గడ్డ తీసి ఎన్నాళ్ళో కాలేదు. లివర్‌లోనే ఇంకోచోట మిగిలిన చిన్న మచ్చకి మాత్రలు వేసుకుంటోంది. అలాంటి మనిషిని అరుగు మీదకి తోసేస్తారా? వదిన పిరికిదని తెలుసు. కాచిన నీళ్ళే మళ్ళీ కాస్తుంది. నిద్రపోయే పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. పిరికితనానికి కూడా ఒక హద్దుండాలి. అందులోనూ, విశాఖలో అశ్విని రోజూ ప్రయోగశాలలో చూసేది ఆ లివర్ క్యాన్సర్ కణాల్నే.

ఇంతలో బాబు పాక్కుంటూ పెరటి తలుపు వైపు వెళ్ళాడు. ఓరగా ఉన్న తలుపుని అవతలి నుంచి ఒక చెయ్యి గబుక్కున లాగేసింది. అమ్మ గాజులు. అశ్విని వదిన వైపు తిరిగింది.

"మనవడొస్తుంటే అమ్మే తలుపేసుకునేలా చేశావు కదా."

"కోప్పడకమ్మా. నా సదువు టెన్తుతోనే ఆపీసారు. అడిగిందానికి సెప్పు," అంది హేమ. "ఆ జబ్బు లివర్లో ఒక దగ్గర్నుంచి ఇంకో దగ్గరకి ఎల్లింది గదా. ఒళ్ళో కూకున్న పిల్లోడికి ఎల్లదేటి?"

కణం దానంతటది కదలదని చెప్పింది అశ్విని. చుట్టుపక్కల కణాల నుంచి దానికి సంకేతం అందాలి. అందిందంటే తోటి కణాల పట్టు వదిలేసి, అడ్డమొచ్చిన పొరని కరిగించుకుంటూ బయల్దేరుతుంది. జీడిచెట్టు మీద ఒక ఎర్రచీమ వాసన వదిలితే గూడంతా కదిలొచ్చినట్టు. అమ్మ వేసుకునే మాత్రలు ఆ వాసన అందనివ్వకుండా అడ్డుకునేవే.

"గట్టిగా సెప్పు. పొయ్యి సప్పుడులో ఇనపడ్డం లేదు," అంది హేమ. పొయ్యి ఆమె అప్పటికే కట్టేసింది. గాలి రావడం లేదంటూ పెరటి తలుపు కూడా మళ్ళీ ఓరగా తెరిచింది.

"మరి కొమ్మలు తగిలితే సీమలు ఈ సెట్టు మీంచి ఆ సెట్టు మీదకి ఎల్లిపోతాయి. ముద్దెట్టుకుంటే కొమ్మలు తగిలినట్టు కాదేటి?"

ఈసారి అశ్విని నోట విశాఖ మాట పోయి ఊరి మాటే వచ్చింది.

"ఈ సీమలకి పుట్టిన సెట్టు తప్ప ఇంకో సెట్టు పడదు. ఒకరి కణాలు ఇంకొకరి ఒంట్లోకి ఎల్తే, ఆ ఒంట్లో కాపలా ఉంటాది, పరాయివని పట్టీసి సంపీత్తాది. ముద్దెట్టుకుంటే రాదు. ఎంగిలి తింటే రాదు. పక్కన పడుకుంటే రాదు. కామెర్ల వైరసుంటే ఆ సంగతి వేరు. అమ్మకి అది లేదని పరీక్షలో తేలిపోయింది."

"కన్నతల్లని ఎనకేసుకొస్తన్నావేమో. రేపు నీ పిల్లల్నయితే ఇత్తావా?"

"పుట్టిన రోజే ఇత్తాను. అమ్మ ఒళ్ళోనే పెంచుతాను." అశ్విని గొంతు వీధి దాకా వినిపించేలా ఉంది. "నీకంత భయమైతే ఆ కంచంలో నువ్వే తిను వదినా. అమ్మని మాత్రం లోపలికి రానీ."

హేమ ముఖం విప్పారింది. ఇన్ని తిట్లు తిన్న మనిషిలా లేదు. బాబుని చంకనేసుకుని వెళ్ళి పెరటి తలుపు బార్లా తీసింది. తలుపు వారగా గోడకి చెవి ఆనించి నిలబడి ఉంది అశ్విని తల్లి వరహాలమ్మ, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఇన్నావా అత్తా? అంటుకోదని నాను సెప్తే ఓదార్పన్నావు, డాక్టరు సెప్తే మొకమాటమన్నావు. ఇది నీ కూతురు నాతో దెబ్బలాడి సెప్పిన మాట. గ్లాసుకి నువ్వే కట్టుకున్న ఆ ఎర్రదారం నువ్వే తెంపీసి, ఇకనైనా నీ మనవడ్ని ఎత్తుకో."