కదిలిన శవం

"శవం ఊపిరి తీసుకుంటాందక్కా. మీదున్న పూలదండ పైకి లేస్తాంది, కిందికి దిగుతాంది. నవ్వలేక సచ్చిన."

మైకు ముందు నిలబడి ఆటో డ్రైవర్ మొగిలి చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు.

మైకు పట్టుకున్నది మానస. ఒక యూట్యూబ్ ఛానల్లో పనిచేస్తుంది. హనుమకొండలో థియేటర్ గేటు దగ్గర నిలబడి, మ్యాటినీ చూసి బయటికొచ్చిన వాళ్లను సినిమా ఎలా ఉందని అడగడం ఆమె పని.

ఆ సినిమాను వరంగల్ చుట్టుపక్కలే తీశారు. అంతా కొత్తవాళ్లు. పాటలు బాగున్నాయని కొందరు, హీరోయిన్ మన ఇంటి పిల్లలాగే మాట్లాడిందని కొందరు అన్నారు. కానీ ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా శవం దగ్గరికే వచ్చి ఆగేవారు.

కథలో ఒక కూలీ కరెంటు షాకుతో చనిపోతాడు. తెర మీద అతను కనబడేది ఆ ఒక్కసారే, పాడె మీద. కెమెరా ముఖం దగ్గర మొదలై ఛాతీ దాకా మెల్లగా దిగుతుంది. పద్నాలుగు సెకన్లు. ఆలోపు శవం రెండుసార్లు ఊపిరి పీలుస్తుంది. హాలంతా ఈలలు.

"ఏడ్వాల్సిన కాడ నవ్వొస్తే ఎట్లా?" అంది స్నేహలత టీచర్. "గా శవాన్ని తీసేస్తే అయిదుకు మూడు మార్కులేస్త."

ఒప్పుకోనిది కృపమ్మ ఒక్కతే.

యాభై దాటిన మనిషి. సుబేదారిలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక ఆటో ఎక్కి మ్యాటినీకి వచ్చేది. సినిమా విడుదలైన నాటి నుంచి ఒక్కరోజు తప్పలేదు.

"సినిమా ఎట్లుందమ్మా?" మానస అడిగింది.

"మంచిగున్నది బిడ్డా."

"శవం సీను?"

"అదే మంచిగున్నది."

"ఇంతకుముందు ఎన్ని సినిమాలు చూసినవ్ అత్తా?" మొగిలి తల దూర్చాడు.

"ఇదే మొదటిది."

అది నిజమే. వాళ్ల సంఘంలో సినిమా చూడరు. పాస్టరమ్మ ఇంటికొచ్చి మందలించినా కృపమ్మ ఆగలేదు.

"మొదటిదైతే దేంతోని పోల్చి మంచిగున్నదంటానవ్? ప్రొడ్యూసర్ నీకేమన్న చుట్టమా? జర మాక్కూడా పాసులిప్పియ్యరాదు," అన్నాడు మొగిలి.

కృపమ్మ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ ముక్కను మానస 'శవం ఫ్యాన్' అని పేరు పెట్టి వదిలింది. రెండు లక్షల మంది చూశారు. హాస్టల్ అమ్మాయిలు ఫోన్లో చూపిస్తే కృపమ్మ కూడా చూసింది. మర్నాడు మళ్లీ మ్యాటినీకి వచ్చింది.

పదకొండో రోజు డైరెక్టర్ ఓంప్రకాశ్ వచ్చాడు. గేటు దగ్గరే మైకు తీసుకున్నాడు.

"మీరు చెప్పినవన్నీ విన్నాను. పొరపాటు జరిగింది. రేపటి నుంచి ఆ షాట్ ఉండదు."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోంచే జనాన్ని తోసుకుంటూ కృపమ్మ ఆయన ముందుకొచ్చింది.

"తియ్యకున్రి సారూ. ఉన్నది ఉన్నట్టే ఉండనియ్యున్రి."

"అందరూ నవ్వుతున్నారు కదమ్మా."

"నవ్వనియ్యున్రి."

ఆయన చెయ్యి పట్టుకుంది. పక్కనున్నవాళ్లు లాగినా వదల్లేదు.

"అంతగా ఏముందమ్మా అందులో?"

"ఆ పండుకున్న పిలగాడు నా కొడుకు సారూ. స్టీఫెన్."

నవ్వులు ఆగిపోయాయి. మొగిలి ఆటో తాళం వేలికి తిప్పుకుంటూ పక్కకు చూశాడు. మానస కెమెరా ఆపించింది.

ఓంప్రకాశ్‌కు ఆ పేరు కూడా తెలియదు. షూటింగ్‌కు ఏజెంటు ఊళ్ల నుంచి తెచ్చిన నలభై మందిలో ఒకడు. సన్నగా ఉన్నాడని పాడె మీద పడుకోమన్నారు.

"ఎండలో పొద్దంతా పడుకోబెట్టాం. ఎంతసేపని ఊపిరి బిగబట్టుకుంటాడు? తప్పు మాదేనమ్మా," అన్నాడు.

పక్కకు వెళ్లి ఎడిటర్‌తో ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"మీ అబ్బాయిని తీసెయ్యడం లేదు. పద్నాలుగు సెకన్లూ ఉంటాయి. ఆ ఛాతీ కదలడం ఒక్కటీ కంప్యూటర్లో ఆపేస్తారు. ఇంకెవరూ నవ్వరు. వచ్చే సినిమాలో డైలాగులున్న వేషమిస్తాను, ఒకసారి నన్ను కలవమనండి."

కృపమ్మ పెదవులు కదిలాయి. అప్పటికే సెల్ఫీల కోసం జనం ఆయన్ను చుట్టేశారు. జేబులోంచి తీసి ఇచ్చిన కార్డు ఆమె చేతిలో ఉండిపోయింది.

మర్నాడు మ్యాటినీలో ఒక్క ఈల వినిపించలేదు. పాడె మీద శవం కదలకుండా పడుకుంది. పూలదండ కదల్లేదు. వెనక వరుసల్లో ఎవరో ముక్కు చీదారు.

"ఇప్పుడు గుండె పట్టేసినట్టయింది," అంది స్నేహలత, మైకు ముందు. ఆమె రెండోసారి చూసింది.

"మస్తు చేసిండు అత్తా నీ కొడుకు," అన్నాడు మొగిలి. ఈసారి ఎగతాళి లేదు. "అచ్చం శవమే అనుకో."

కృపమ్మ అందరి తర్వాత బయటికొచ్చింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది.

మానస మైకు పక్కన పెట్టేసి ఎదురెళ్లింది. ఆ వీడియోకు పెట్టిన పేరు రాత్రే తీసేసింది. ఆ మాట చెప్పాలనుకుని, చెప్పలేక, రోజూ అడిగేదే అడిగింది.

"నీ మాటే నెగ్గింది కదమ్మా. ఇప్పుడెట్లుంది ఆ సీను?"



"పోయిన క్రిస్మస్ ముందట మట్టి చేసిన నాడు పెట్టెల ఎట్లుండెనో, ఇప్పుడు అచ్చం అట్లనే ఉన్నడు బిడ్డా."