తెర మీద గూని

"ఎవరండీ ఈ ఉడికిన రొయ్య?" అన్నాడు సర్ డోని. గది గొల్లుమంది. సెక్షన్ పెద్ద జోకేస్తే నవ్వకుండా ఉండడం అక్కడ ఎవరికీ చేతకాదు.

ఫిలిప్పీన్స్‌లో సెబూ నగరంలోని ఆ బీమా ఆఫీసుకి మామ్ ఒర్తేగా అనే శిక్షకురాలు వచ్చింది, మెడా నడుమూ పాడవకుండా కూర్చోవడం ఎలాగో నేర్పడానికి. నిన్న చాటుగా తీసిన ఫోటోల్లో ముఖాలు చెరిపేసి తెర మీద చూపిస్తోంది. ఈ ఫోటోలో మనిషి మెడ కంప్యూటర్లోకి దూరిపోతోంది. వీపు గూనిలా లేచింది. ఏసీ చలికి అందరూ వేసుకునే ఆఫీసు నీలం కోటే, దాని టోపీ తలమీదికి లాక్కుని. ఆడో మగో కూడా తెలియడం లేదు.

"ఇలాగే కూర్చుంటే ఈ మనిషి మంచం పట్టడం ఖాయం," అంది మామ్ ఒర్తేగా.

సర్ డోని ఊరుకుంటేనా! "లుజ్, నువ్వు కాదు కదమ్మా? మెడనొప్పి, కొత్త కుర్చీ కావాలి అంటూ నా ప్రాణం తీస్తున్నావు. కుర్చీ ఏం చేసింది పాపం! నీకు కూర్చోవడం రాకపోతే సింహాసనం వేసినా ఇంతే."

మళ్ళీ నవ్వులు. లుజ్ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకునే లేచి నిలబడింది.

"నేనే సర్. తప్పు నాదే. కుర్చీ వద్దులెండి," అని కూలబడింది.

అప్పుడు చూశాడు సర్ డోని, ఫోటోలో బల్ల అంచున సగం తెగి కనిపిస్తున్న కప్పుని. దాని మీద కోడిపుంజు తోక. అలాంటి కప్పు ఆఫీసు మొత్తానికి ఒక్కటే ఉంది. అది ఆయనదే.

చెప్పేయాలి. కానీ అంత నవ్వాక ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? మామ్ ఒర్తేగా ఆయన వంక ఒక చూపు చూసి గబుక్కున ఫోటో మార్చేసింది. ఆ చూపుకి ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

లుజ్ కూడా ఆ కప్పు చూసే ఉంటుంది. నలుగురిలో ఆయన పరువు పోకూడదని నింద నెత్తిన వేసుకుంది. తనేమో నోరు మూసుకుని కూర్చున్నాడు. ఛీ, ఇదీ ఒక పెద్దరికమేనా!

ఫలహారాల వేళ అరటిపండు చుట్టి వేయించిన టురోన్లు వేడివేడిగా వచ్చాయి. ఆయన ఒక్కటీ ముట్టుకోలేదు. లుజ్ గోడవైపు తిరిగి కూర్చుంది.

"లుజ్ అక్కా, నువ్వూ ఒకటి తిను. కాస్త నిటారుగా కూర్చుని తినాలి సుమా!" అంది వెనక నుంచి ఒకమ్మాయి. అందరూ కిసుక్కుమన్నారు.

ఇక సర్ డోని వల్ల కాలేదు. లేచి లుజ్ దగ్గరికి వెళ్ళి, అందరూ వింటుండగానే చేతులు పట్టుకున్నాడు.

"నన్ను క్షమించమ్మా. ఆ ఫోటోలో ఉన్నది నేనే. అది తెలిసి కూడా నా పరువు కాపాడడానికి నువ్వు లేచి నిలబడ్డావు. నాకా ధైర్యం లేకపోయింది. సిగ్గుగా ఉంది."

లుజ్ ఏడ్చి ఉబ్బిన కళ్ళెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయ్యో, అది మీరా సర్! నిజంగా నేనే అనుకుని కుర్చీ కూడా వద్దన్నానే!"